చేపలే కదా

జూన్ రెండో తేదీ, ఆదివారం. ఆ రోజు మధ్యాహ్నం ఇంట్లో గుడ్డు వేసి వేయించిన అన్నం తిన్నారు, పక్కన కీరా ముక్కలు. అందరూ తిని లేచాక, మూకుడు అడుగున మాడిన మెతుకుల్ని గరిటెతో గీకి పళ్లెంలో వేసుకుని, వంటగట్టుకు ఆనుకుని నిలబడి ఆమె మొదటి ముద్ద కలుపుకుంటూ ఉండగా వీధి గుమ్మం దగ్గర భర్త గొంతు వినిపించింది. "జాగ్రత్త, మెల్లిగా, మూల తగుల్తుంది." ఆమెకు ఆ తేదీ గుర్తుండిపోవడానికి కారణం ఆ అన్నమే. చెయ్యి కడుక్కుని వెళ్లింది. మళ్లీ వంటింట్లోకి వచ్చేసరికి సాయంత్రమైంది. ముద్ద పళ్లెంలో రాయిలా గట్టిపడి ఉంది.

వచ్చింది అక్వేరియం. ఆఫీసులో పై పదవి వచ్చినందుకు భర్త తనకు తాను ఇచ్చుకున్న బహుమతి. మనిషి బారెడు పొడవున్న గాజుపెట్టె, దానికి నల్ల మూత, మూతలో దీపం, ఒక మూల గురగురమనే ఫిల్టరు. ఇద్దరు మనుషులు మోసుకొచ్చి ముందుగదిలో నిలబడ్డారు. అందులో ఒకాయన, "కిటికీ దగ్గర వద్దు సార్, ఎండ తగిలితే నాచు పడుతుంది" అన్నాడు.

"కిటికీ దగ్గరుంటేనే కదయ్యా రోడ్డు మీదికి కనపడేది" అన్నాడు భర్త.

కిటికీ దగ్గరే పెట్టారు. పదేళ్ల కూతురు చప్పట్లు కొట్టింది. ఆ పిల్లని ఇంట్లో అందరూ పిట్ట అంటారు, తిండి తినే తీరుని బట్టి. అత్తగారు కళ్లద్దాలు సర్దుకుని దగ్గరికొచ్చి, సంచి నీళ్లలో చేపల్ని చూసి, "బతికున్నవేనా" అని అడిగింది.

"మరి దీన్ని చూసుకునేదెవరు?" అంది ఆమె.

"ఎవరేంటి, అందరం చూసుకుంటాం."

ఆ మాట వినగానే ఆమెకు నడుము దగ్గర చిన్న నొప్పిలాంటిది కదిలింది. ఈ ఇంట్లో 'అందరం' అనే మనిషి ఒకరున్నారు. ఆ మనిషి పొద్దున అందరికన్నా ముందు లేస్తుంది. పూలకుండీలు తెచ్చినప్పుడు అందరం నీళ్లు పోద్దాం అన్నారు, ఆ మనిషి పోసింది. పిట్టకు లెక్కలు అందరం చెబుదాం అన్నారు, ఆ మనిషి చెప్పింది. అత్తగారి మోకాలికి ఆపరేషనయితే అందరం ఉన్నాం కదమ్మా అని భర్త తల్లి చెయ్యి పట్టుకుని ధైర్యం చెప్పాడు. ఆ నెలంతా రాత్రి స్నానాలగది దాకా ఆవిడను నడిపించుకెళ్లింది ఆ మనిషే. అందరం అని ఎవరైనా అన్నప్పుడల్లా ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారేమో అని చుట్టూ చూడాలనిపిస్తుంది ఆమెకు.

మొదటి వారం నీళ్లు పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి. రెండో వారం గాజు మీద గోధుమరంగు దుమ్ములాంటిది పేరుకుంది. వేలితో రాస్తే పోతుంది, పొద్దుటికి మళ్లీ ఉంటుంది. ఆ తర్వాత ఆకుపచ్చ మొదలైంది. ముందు రాళ్ల మీద, తర్వాత ప్లాస్టిక్ కోట గుమ్మం మీద, చివరికి నీళ్లంతా. చేపలు ఆ పచ్చదనంలోంచి మొహాలు బయటపెట్టి, పొగమంచులో బస్సు కోసం చూస్తున్న మనుషుల్లా నోళ్లు తెరిచి మూసేవి.

ఇంట్లో ప్రతివాళ్లూ వాటికి తిండి వేసేవాళ్లు, అదొక్కటి మాత్రం నిజంగా అందరూ చేసిన పని. పిట్ట బడికి వెళ్లేముందు వేసేది. అత్తగారు మధ్యాహ్నం, పాపం మూగజీవాలు అని వేసేది. సాయంత్రం ఎవరైనా వస్తే భర్త దీపం వేసి, "చూడండి, నా చెయ్యి చూడగానే ఎలా వస్తాయో" అని గుప్పెడు వేసేవాడు. వాళ్లు వెళ్లిపోయినా దీపం అలాగే వెలుగుతూ ఉండేది. తినగా మిగిలింది అడుగుకు దిగి కుళ్లేది. ఆదివారం ఆమె చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, గొట్టం ఒక కొస నీళ్లలో ముంచి రెండో కొస నోటితో పీల్చి, సగం సార్లు ఆ నీళ్లు నోట్లోకే వచ్చి ఉమ్ముకుంటూ, బకెట్లు నింపి బయట పారబోసి, మళ్లీ నింపి పోసేది. మోచేతి దాకా చేపల వాసన. సోమవారం షాపులో ఎవరి కళ్లకైనా అద్దాలు పెట్టబోతుంటే వాళ్లకు ఆ వాసన వస్తుందేమోనని చెయ్యి కాస్త దూరంగా పట్టుకునేది.

నీళ్లు తేటగా ఉన్న రోజున భర్త వచ్చినవాళ్లతో "మా అక్వేరియం" అనేవాడు. పచ్చగా ఉన్న రోజున లోపలికి కేకేసి, "ఏమోయ్, నీ చేపల సంగతి కాస్త చూడు" అనేవాడు.

ఆమె కళ్లద్దాల షాపులో పనిచేస్తుంది, పెళ్లికి ముందునుంచీ. చూపు పరీక్షించడం, ముక్కు వెడల్పు కొలవడం, ఫ్రేము చెవి వెనక ఎక్కడ ఒరుసుకుంటుందో చూసి కాచి వంచడం, అన్నీ ఆమె చేతిలో పనులే. అయినా ముప్పావుగంట పరీక్ష చేయించుకున్నాక కొందరు ఆమె భుజం మీదుగా లోపలికి చూసి, "సార్ లేరా, ఒకసారి ఆయన్ని కూడా చూడమనండి" అంటారు. లోపలున్న సార్ బిల్లులు వేసే కుర్రవాడు. టై కట్టుకుంటాడు కాబట్టి సార్. అతను వచ్చి ఆమె రాసిన కాగితం తిరగేసి, "కరెక్టేనండీ" అంటాడు. వాళ్లు తృప్తిగా తలూపుతారు. అతను వెళ్తూ వెళ్తూ ఆమెతో, "సారీ అక్కా" అని మెల్లిగా అంటాడు. ఆ ఒక్క మాట వల్ల అతని మీద కోపం పెట్టుకోవడం ఆమెకు ఎప్పుడూ కుదరలేదు.

షాపు యజమానిని అందరూ పెద్దాయన అంటారు. ఒక సోమవారం ఆయన ఆమెను పిలిచి కూర్చోమన్నాడు. ఊరి ఆ చివర రెండో షాపు తెరుస్తున్నాడు. "నాకు తిరిగే ఓపిక లేదమ్మా. ఆ షాపు మీరు చూసుకోండి. తాళాలు మీ దగ్గరే ఉంటాయి. ఎవరిని పెట్టుకోవాలో, ఏం తెప్పించాలో మీ ఇష్టం. రాత్రి ఎనిమిది దాకా ఉండాల్సొస్తుంది, అదే ఒక్క ఇబ్బంది. శనివారంలోగా చెప్పండి. మీరు కాదంటే ఇంకెవర్నయినా చూడాలి."

ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. మీ ఇష్టం అన్న మాటని ఆమె లోపల అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఆ మాట ఆమెతో చాలామంది చాలాసార్లు అన్నారు, కానీ దాని అర్థం ఎప్పుడూ 'ఇక నీతో వాదించే ఓపిక లేదు' అనే. ఇష్టాన్ని నిజంగా ఇష్టంలా ఎవరో చేతికి అందించినట్టు ఉంది ఇప్పుడు. తన స్టాపు దాటిపోయి వెనక్కి నడిచొచ్చింది.

అన్నాల దగ్గర చెప్పింది. భర్త నమలడం ఆపలేదు.

"ఎనిమిది దాకానా? మరి ఇల్లు?"

"వంట పొద్దున్నే చేసి వెళ్తాను. పిట్ట చదువు నేనొచ్చాక చూస్తాను."

"అమ్మ?"

"నాకేం, నేను బాగానే ఉన్నాను" అంది అత్తగారు, పళ్లెంలోకే చూస్తూ.

భర్త కాసేపు ఆలోచించి ముందుగది వైపు చూశాడు. అక్కడ గాజుపెట్టె పాచిపట్టిన కుంటలా వెలుగుతోంది. ఆయనకు నవ్వొచ్చింది.

"నాలుగు చేపల్ని సరిగా చూసుకోలేని మనిషికి షాపు అప్పజెబుతాడట. ముందు ఆ నీళ్లు తేటగా చేసి చూపించు. శనివారం లోపల. అప్పుడు మాట్లాడదాం."

పిట్ట కిసుక్కున నవ్వింది. అందులో చెడుద్దేశం లేదు, నాన్న నవ్వితే నవ్వుతుంది అంతే. ఆమె కూడా నవ్వింది. నవ్వి, ఆ పందేనికి ఒప్పుకుంది. తర్వాత ఎప్పుడు తలుచుకున్నా ఆమెకు సిగ్గనిపించేది ఆ ఒప్పుకోవడానికే. ఆ పరీక్ష పెట్టడానికి ఆయనకేం అర్హత ఉందని అడగకుండా, బడిపిల్లలా పలక తీసుకుని కూర్చుంది.

మర్నాడు షాపునుంచి వస్తూ చేపలమ్మే ఆవిడ దగ్గర ఆగింది. ఆవిడ ఒక చేత్తో సంచిలో నీళ్లు పట్టుకుంటూ మాట్లాడుతుంది, ఎప్పుడూ ఎవరి మొహమూ చూడదు. "కొత్త పెట్టేనా? కొత్తదానికి అంతే. ఎండ తగలనివ్వకండి. దీపం కాసేపే. తిండి రోజుకి ఒక చిటికె, అదీ ఒక్కళ్లే వెయ్యాలి. నీళ్లన్నీ ఒక్కసారి మార్చొద్దు, నాలుగోవంతు మార్చండి. కుళాయి నీళ్లు ముందురోజే పట్టి ఉంచండి. ఫిల్టర్లో స్పాంజి మాత్రం బాగా కడగొద్దు. పెట్టెలోంచి తీసిన నీళ్లలోనే ఒకసారి పిండి మళ్లీ పెట్టేయండి. జిగురుగా ఉందని అసహ్యించుకోకండి. నీళ్లల్లో విషాన్ని తినేసే సూక్ష్మజీవులు ఆ జిగురులోనే ఉంటాయి. అవి పోతే చేపలూ పోతాయి."

ఆమె అన్నీ చెప్పినట్టే చేసింది. పాత దుప్పటి చింపి కిటికీకి తెర కుట్టింది. తిండి డబ్బా తీసి తన బట్టల అలమరలో పెట్టుకుంది. "పోలీసుకి ఆకలేస్తోందమ్మా" అని పిట్ట వెంటపడింది. పోలీసంటే నల్ల చేప, మిగతావాటిని తరుముతూ ఉంటుందని ఆ పేరు. "పోలీసుకి ఎప్పుడూ ఆకలే" అని చెప్పి పిట్టను పంపేసింది. పొద్దున వంట చేస్తూ మధ్యలో గాజు గీకింది. సాయంత్రం వచ్చి బట్టలు మార్చుకోకుండానే బకెట్ పట్టుకుంది. అత్తగారు గుమ్మంలో కుర్చీ వేసుకుని చూస్తూ ఉండేది. స్పాంజిని ఆ మురికినీళ్లలోనే పిండి మళ్లీ పెడుతుంటే ముక్కు మూసుకుంది.

"ఏంటమ్మాయ్, మురికిని మురికితో కడుగుతావా."

"అలాగే కడగాలట అత్తయ్యా."

అత్తగారు జీవితమంతా శుభ్రాన్ని నమ్ముకున్న మనిషి. గ్లాసులు వేడినీళ్లలో ముంచి తీస్తే తప్ప నీళ్లు తాగదు. ఆ జవాబు ఆవిడకు నచ్చలేదని మొహం చూస్తేనే తెలిసింది.

గురువారం సాయంత్రానికి నీళ్లు విచ్చుకున్నాయి. దీపం వేస్తే అడుగున రాళ్లు ఒక్కొక్కటీ కనిపించాయి. వెనకగాజు దాకా చూపు వెళ్లింది. చేపల పొలుసుల మీద రంగులున్నాయని, వాటిలో ఒకదానికి తోకమీద వెండిగీత ఉందని ఇంట్లో మొదటిసారి చూసింది ఆమే. పీట వేసుకుని కాసేపు కూర్చుంది. చేసేది వేరొకరి పనే అయినా, బాగా చేసిన పనిలో తనది కొంత ఉండిపోతుందని ఆ కాసేపూ అనిపించింది. భర్త వచ్చి చూశాడు. "పర్లేదే" అన్నాడు. పక్కింటాయన్ని పిలుచుకొచ్చి, "మా అక్వేరియం చూడండి" అన్నాడు.

శుక్రవారం ఆమె ఇంటికొచ్చేసరికి ముందుగదిలో అందరూ నిలబడి ఉన్నారు. నీళ్లు మళ్లీ తెల్లబడ్డాయి, పైన సన్నటి నురగ. మూడు చేపలు పక్కకు ఒరిగి తేలుతున్నాయి, వెండితోకది కూడా. పోలీసు ఒక మూల నీటిపైకి నోరు పెట్టి గాలి పీలుస్తోంది. పిట్ట ఏడ్చి ఏడ్చి వెక్కుతోంది.

"వచ్చావా" అన్నాడు భర్త. కోపంగా కూడా లేడు, అలసిపోయినట్టు ఉన్నాడు, ఎన్నాళ్లనుంచో ఓర్చుకుంటున్నవాడిలా. "నేనన్నానా లేదా? ధ్యాసంతా ఆ కొత్త షాపు మీద. ఇంట్లో ప్రాణాలున్నాయన్న ఆలోచనుంటే కదా. నువ్వేం కలిపావో, ఎంత పోశావో. పిల్ల మొహం చూడు. రేపు దీనికి జ్వరమొచ్చినా నువ్వు తాళాలు పట్టుకుని అక్కడ కూర్చుంటావు. నాలుగు చేపలు బతికించలేకపోయావు. ఇక ఆ షాపు సంగతి ఈ ఇంట్లో ఎత్తకు."

ఆమె భుజాన బ్యాగు ఇంకా దించలేదు. నిన్నటినుంచి ఏం చేసిందో వరసగా గుర్తుచేసుకుంటోంది. నీళ్లు ముందురోజు పట్టినవే. పొద్దున చిటికెడే వేసింది. ఎక్కడ తప్పు చేశాను? నిజంగానే ఎక్కడో చేసి ఉంటాను. ఆయన మాట పూర్తయ్యేలోపే ఆమె సగం నమ్మేసింది. అలా నమ్మేయడం ఆమెకు బాగా అలవాటైన పని.

"నేనే కడిగానురా" అంది అత్తగారు.

భర్త తిరిగాడు. "ఏంటమ్మా?"

"ఆ స్పాంజి. జిగటగా, చూడ్డానికే అదోలా ఉంది. రేపటికి నీళ్లు ఇంకా బాగుండాలి కదా, కోడలికి కాస్త సాయంగా ఉంటుందని మధ్యాహ్నం తీసి వేడినీళ్లలో సబ్బు వేసి ఉతికాను. తెల్లగా వచ్చింది. ఒకటికి రెండుసార్లు జాడించానే, ఇలా అవుతుందని నాకేం తెలుసు." కోడలి వైపు చూసింది. "తనది కాదు తప్పు. నాది."

ఆమె భర్త మొహం వైపు చూసింది. ఇక్కడ ఏదో జరగాలి అనుకుంది. అంత పెద్ద కోపం ఎటువైపైనా వెళ్లాలి కదా. అది ఎటూ వెళ్లలేదు. ఆయన మొహం ముడి విప్పినట్టు వదులైంది.

"అయ్యో, పోనీలే అమ్మా. చేపలే కదా. దానికి నువ్వు బాధపడతావేంటి? రేపు నాలుగు తెచ్చుకుంటే సరిపోయె. రా పిట్టా, మొహం కడుక్కో. అన్నం తిందాం, ఆకలేస్తోంది."

ఆమె బ్యాగు కుర్చీలో పెట్టింది. చచ్చిన చేపలు అవే మూడు. ఆమె చేతిలో పోతే ప్రాణాలు, ఆయన తల్లి చేతిలో పోతే చేపలు. మధ్యలో రెండు నిమిషాలు కూడా లేవు. వాటి బరువు మారలేదు, రంగు మారలేదు. చేతులే మారాయి. పన్నెండేళ్ల సంసారంలో పగిలిన గ్లాసులు, మాడిన కూరలు, పిట్టకు తగ్గిన మార్కులు, అత్తగారి బీపీ, ఆయన తలనొప్పి, అన్నీ ఆమెకు ఒక్కసారిగా కళ్లముందుకొచ్చాయి. ఒక్కొక్కటీ తన వైపు వచ్చినప్పుడు ఎంత బరువుండేది. అవి నిజంగా అంత బరువేనా అని ఇన్నాళ్లూ ఎవరితోనూ తూయించుకోలేదు.

"మరి షాపు సంగతి?" అని అడిగింది.

"అది వేరు, ఇది వేరు" అన్నాడు భర్త, టీవీ పెడుతూ.

అన్నాలయ్యాక ఆమె జల్లెడతో చేపల్ని తీసింది. పోలీసుని ముందురోజు పట్టి ఉంచిన నీళ్ల బకెట్‌లో వేసింది. అది బతుకుతుందో లేదో తెలియదు. గిన్నెలు తోముతుంటే అత్తగారు వచ్చి వెనక పీట మీద కూర్చుంది. తర్వాత ఒక తువ్వాలు తీసుకుని, కడిగిన గిన్నెలు ఒక్కొక్కటీ తుడవడం మొదలుపెట్టింది. ఈ ఇంట్లో ఆ పని ఆవిడ చేయడం ఇదే మొదలు.

"నేను చెప్పకపోయుంటే నీ నెత్తినే ఉండిపోయేది కదమ్మాయ్" అంది.

"ఉండిపోయేది అత్తయ్యా."

"ఇంతకుముందు ఎన్ని ఉండిపోయాయో."

ఆమె కుళాయి కట్టేసింది. అలాంటిదేం లేదులెండి అనడం మర్యాద. ఆ మాట నోటి చివరిదాకా వచ్చింది. అనలేదు. అనకపోవడమే అత్తగారికి తను ఇవ్వగలిగిన గౌరవమని తోచింది. ఆవిడ కూడా ఆ మాట కోసం ఎదురుచూడలేదు, గిన్నె అడుగు మళ్లీ మళ్లీ తుడుస్తోంది.

"మీ మామగారు ఉన్నన్నాళ్లూ నేనూ ఇంతే. ఆయనకు గొడుగు పోయినా నేనే పోగొట్టేదాన్ని, నేనా వీధి గుమ్మం దాటేదాన్నే కాదు." చిన్నగా నవ్వింది. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "వాడు నన్ను పోనీలే అన్నప్పుడు హాయిగా అనిపించాలి కదా. అనిపించలేదే. నీ మొహం చూశాను."

ఆవిడ గిన్నె పక్కన పెట్టి ఇంకోటి అందుకుంది.

"ఆ పెద్దాయన ఎప్పటిలోగా చెప్పమన్నాడు?"

"రేపటిలోగా."

"రేపటిదాకా ఎందుకు? ఎనిమిదిన్నరేగా అయింది. మేలుకునే ఉంటాడు."

ఆమె చేతులు తుడుచుకుని, అలమరలోంచి తిండి డబ్బా తీసుకుని ముందుగదిలోకి వెళ్లింది. భర్త కాళ్లు బల్ల మీద పెట్టుకుని టీవీ చూస్తున్నాడు. ఆమె టీవీకి అడ్డం నిలబడలేదు, పక్కన నిలబడింది.

"ఏవండీ, సోమవారం నుంచి కొత్త షాపుకి వెళ్తున్నాను. అక్వేరియం మీది. స్పాంజి ఎలా పిండాలో రేపు పొద్దున చూపిస్తాను, ఒక్కసారే చూపిస్తాను. తిండి డబ్బా ఇదిగో."

ఆయన డబ్బా వైపు, ఆమె వైపు చూశాడు. "ఏంటిది, అడుగుతున్నావా, చెబుతున్నావా?"

"చెబుతున్నాను."

"అమ్మా" అని కేకేశాడు ఆయన, "విన్నావా ఇది."

"విన్నాను" అంది అత్తగారు వంటింట్లోంచి.

ఇంకేమైనా అంటుందేమోనని ఆయన ఆగాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు మళ్లీ మొదలైంది. ఆయన రిమోట్ అందుకుని శబ్దం పెంచాడు.

ఆమె వసారాలోకి వచ్చి ఫోను చేసింది. అవతల రెండుసార్లు మోగి, "చెప్పండమ్మా" అన్నాడు పెద్దాయన. ఆమె చెప్పింది. తన గొంతు తనకే వినిపించనంతగా టీవీ మోగుతోంది. "వినపడలేదమ్మా, మళ్లీ చెప్పండి" అన్నాడాయన. ఆమె రెండో చెవి అరచేత్తో మూసుకుంది.

అప్పుడు అత్తగారు మోకాలు పట్టుకుంటూ నెమ్మదిగా నడిచొచ్చి, కోడలి వైపు చూడకుండా, ముందుగది తలుపు రెండు రెక్కలూ దగ్గరకు చేర్చి, టీవీ చప్పుడు బయటికి రాకుండా మూసేసింది.